పుస్తకాల ముచ్చట: గడ్డాలు నెరవకముందు మాంత్రికులు ఏం చేసేవారు?

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. ప్రభుత్వరంగ బ్యాంకులో అధికారిగా పనిచేస్తున్నాను. ఇంటర్మీడియట్ చదివే రోజుల్లో విజయవాడలో ఒక పాత పుస్తకాల కొట్టులో అమెరికన్ రచయిత్రి అర్సులా కె. లె గ్విన్ రాసిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ కొన్నాను. ఆ తరువాత ఆ వరుసలోని మిగతా అయిదూ సంపాదించుకుని, ఇప్పటికీ తీరిక దొరికినప్పుడల్లా మొదటి నుంచి చివరిదాకా చదువుకుంటాను. మా అబ్బాయి ఇంజినీరింగ్‌లో చేరాడు. వాడికి నా డ్రాగన్ల పుస్తకాలంటే నవ్వులాట. ఈ వయసులో ఉపనిషత్తులు చదువుకోక ఈ మాయలూ మంత్రాలూ ఏమిటని మావారి ప్రశ్న. నాకు రెండు సందేహాలు. ఇంత వయసొచ్చాక కూడా ఇలాంటి పుస్తకాల మీద మమకారం పోకపోవడం మనసు ఎదగకపోవడమేనా? ఇంతటి లోకాన్ని కల్పించడానికి ఆమెకు ప్రేరణ ఎక్కడి నుంచి వచ్చింది?
— ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: అమ్మా, మీ రెండో సందేహం ముందుగా తీరిస్తే మొదటిదానికి సగం జవాబు అందులోనే దొరుకుతుంది. కనుక అటు నుంచి వస్తాను.

ఈ పుస్తకాలు చదవనివారి కోసం రెండు మాటలు. ఎర్త్‌సీ అంటే వందలాది దీవులున్న ఒక సముద్రలోకం. అందులో గాంట్ అనే కొండదీవిలో, కంచుపని చేసే కమ్మరికి పుట్టిన తల్లిలేని పిల్లవాడు మేకలు కాస్తూ, తల్లి తోబుట్టువైన మంత్రగత్తె దగ్గర నాలుగు మంత్రాలు నేర్చి, చివరికి లోకంలోకెల్లా గొప్ప మాంత్రికుడవుతాడు. అతని పేరు గెడ్. అయితే అతని గొప్పతనం కన్నా అతను యౌవనగర్వంతో చేసిన తప్పు, ఆ తప్పు నుంచి పుట్టి అతన్ని వెంటాడిన నీడ, మొదటి పుస్తకానికి ప్రాణం.

1967లో కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరంలో పార్నాసస్ ప్రెస్ అనే చిన్న ప్రచురణ సంస్థను నడుపుతున్న హెర్మన్ షైన్, కాస్త పెద్ద పిల్లల కోసం ఒక పుస్తకం రాయమని లె గ్విన్‌ను అడిగారు. అంతకుముందు ఆమె పిల్లల కోసం రాసింది లేదు. కాదందామనే అనుకుని, తరువాత ఆలోచనలో పడ్డారు. కథల్లో మాంత్రికులందరూ తెల్లగడ్డం ముసలివారే కదా, మరి ఆ గడ్డాలు నెరవకముందు వారేం చేసేవారు, ఆ విద్య వారికెలా అబ్బింది, ఎవరు నేర్పారు? ఈ చిలిపి ప్రశ్న నుంచే రోక్ దీవిలోని మంత్రవిద్యాలయం పుట్టింది. కథ రాయడానికి ముందు ఆమె చేసిన పని ఒక కాగితం మీద ఆ సముద్రానికి పటం గీసుకుని, దీవులన్నింటికీ పేర్లు పెట్టుకోవడం. దానికి విత్తనాలు అప్పటికే ఉన్నాయి: 1964లో ఒక అమెరికన్ పత్రికలో వచ్చిన ఆమె చిన్న కథలు రెండింటిలో దీవులు, మాంత్రికులు, నిజనామం తెలిస్తే ఆ మనిషి మీద శక్తి దక్కుతుందన్న నియమం కనిపిస్తాయి. నవల 1968లో వెలువడింది.

ఇక ఆమె పెరిగిన ఇంటి సంగతి చెప్పాలి. తండ్రి ఆల్‌ఫ్రెడ్ క్రోబర్ అమెరికాలో మానవశాస్త్రానికి పునాదులు వేసినవారిలో ఒకరు. కాలిఫోర్నియాలోని ఆదివాసీ జాతుల భాషలను, ఆచారాలను, కథలను జీవితమంతా సేకరించినవారు. వేసవిలో నాపా లోయలోని వారి తోట ఇంటికి పండితులూ ఆదివాసీ మిత్రులూ వచ్చి రోజుల తరబడి ఉండేవారు. ప్రతి సమాజానికీ తనదైన సృష్టికథ, తనదైన మర్యాద, తనదైన భయం ఉంటాయనీ, వాటిలో ఏదీ మరొకదానికి లోకువ కాదనీ ఆ పిల్లకు ఎవరూ పాఠంగా చెప్పనక్కరలేకపోయింది. ఎర్త్‌సీలో ఒక్కొక్క దీవికి వేరే పండుగ, వేరే పాట, వేరే పడవ ఉండటానికి కారణం అదే. చాలామంది ఫాంటసీ రచయితలు రాజులనూ యుద్ధాలనూ కల్పిస్తారు. ఈమె ఊళ్లను కల్పించారు.

ఆ ఇంటి చరిత్రలోనే ఇషీ ఉన్నాడు. యాహీ అనే ఆదివాసీ తెగను తెల్లవారు వేటాడి తుడిచిపెట్టగా మిగిలిన చివరి మనిషి అతను. 1911లో ఓరోవిల్ అనే ఊరి శివారులో, ఒక కబేళా దగ్గర, ఆకలితో బయటపడ్డాడు. క్రోబర్, ఆయన సహచరులు అతన్ని శాన్‌ఫ్రాన్సిస్కోలోని విశ్వవిద్యాలయ మ్యూజియానికి తీసుకువచ్చారు. 1916లో క్షయతో చనిపోయేదాకా అక్కడే ఉన్నాడు. అతను తన అసలు పేరు ఎవరికీ చెప్పలేదు. తన పేరు తాను చెప్పుకోవడం వారి ఆచారంలో లేదు. చెప్పగలిగిన తనవారు ఎవరూ బతికి లేరు. ఇషీ అన్నది క్రోబర్ పెట్టిన పేరు. యాహీల భాషలో ఆ మాటకు మనిషి అని అర్థం. లె గ్విన్ తల్లి థియొడోరా అతని జీవితాన్ని 1961లో పుస్తకంగా రాశారు. దానికి మూడేళ్ల తరువాత కూతురి కథల్లో, అసలు పేరును ప్రాణంలా దాచుకునే మనుషుల లోకం మొదలైంది. ఇది నేరుగా అక్కడి నుంచే వచ్చిందని నేను తీర్పు చెప్పను. పేరులో శక్తి ఉంటుందన్న నమ్మకం భూమి మీద అనేక జాతులకు ఉంది, అలాంటి నమ్మకాల గురించిన పుస్తకాలు ఆమె చిన్నప్పటి నుంచీ చదివినవే. కానీ ఒక మనిషి తన పేరును చెప్పకుండానే చనిపోయిన చరిత్ర ఆ కుటుంబానికి సన్నిహితంగా ఉన్నదన్న సంగతి తెలిశాక, గెడ్ తన పేరును మొదటిసారి ఒక స్నేహితుడికి చెప్పే పుట వేరే బరువుతో కనిపిస్తుంది.

గెడ్‌కు పేరు వచ్చే ఘట్టం మీకు గుర్తుండే ఉంటుంది. పదమూడేళ్లు నిండిన రోజున, తల్లి పెట్టిన పేరును ఆ మంత్రగత్తె అతని నుంచి తీసేసుకుంటుంది. పేరూ లేక, ఒంటి మీద బట్టా లేక, ఆ పిల్లవాడు చన్నీటి ఏరులోకి దిగి అవతలి గట్టుకు నడుస్తాడు. అక్కడ వేచి ఉన్న ఓగియన్ అనే వృద్ధ మాంత్రికుడు అతని చేయి పట్టుకుని చెవిలో నిజనామం చెబుతాడు. లోకానికి మాత్రం అతను ఎప్పటిలాగే స్పారోహాక్. గెడ్ అన్నది ప్రాణమిచ్చే నమ్మకం ఉన్నవారికి మాత్రమే. తెలుగు పాఠకులకు ఇది మరీ పరాయిగా తోచకపోవడానికి కారణం ఉంది. ఉపనయనంలో వస్త్రం చాటున వటువు చెవిలో మంత్రం చెప్పడం మనం చూసినదే. భర్త పేరు నోటితో పలకని తరం నిన్నమొన్నటిదాకా మన ఇళ్లలో ఉండేది, కొత్త దంపతులను గడప దగ్గర ఆపి ఒకరి పేరు ఒకరిచేత చెప్పించే ఆడపడుచుల సందడి ఇప్పటికీ ఉంది.

మీవారు విని సంతోషించే సంగతి ఒకటి చెబుతాను. ఈ కథల వెనుక ఉన్న ప్రధాన గ్రంథం ఒక ఆధ్యాత్మిక గ్రంథమే. చైనాకు చెందిన లావో త్సు పేరిట ప్రసిద్ధమైన ‘తావో తె చింగ్’ ప్రతి ఒకటి వారి ఇంట్లో ఉండేది. ఒకసారి తండ్రి దాన్ని ముందు పెట్టుకుని ఏదో రాసుకుంటుంటే ఏమిటని చిన్నపిల్ల అడిగింది. తన అంత్యక్రియలప్పుడు చదవవలసిన అధ్యాయాలు గుర్తు పెట్టుకుంటున్నానని ఆయన చెప్పారు. ఆ అధ్యాయాలు ఆయన పోయినప్పుడు చదివారు కూడా. లె గ్విన్ జీవితాంతం ఆ గ్రంథాన్ని వదలలేదు. 1997లో తనదైన ఇంగ్లీషు రూపాన్ని ప్రచురించారు. ఎర్త్‌సీలో మంత్రవిద్యకు మూలసూత్రమైన సమతౌల్యం అక్కడిదే. రోక్ విద్యాలయంలో గురువు ఒక గులకరాయిని చూపించి, దీన్ని వజ్రంగా మార్చవచ్చు గానీ అలా మార్చితే లోకమే మారుతుంది, దాని మంచిచెడ్డలు తెలియకుండా ఒక ఇసుకరేణువును కూడా కదపరాదని బోధిస్తాడు. అంతకన్నా నాకు నచ్చినది ఓగియన్ వాన. గురుశిష్యులు కొండదారిలో వెళుతుండగా వాన పట్టుకుంటుంది. వానను పక్కకు తోసెయ్యగల మంత్రం ఓగియన్‌కు తెలుసు. ఆయన ఆ మంత్రం చదవడు. దట్టమైన చెట్టు ఒకటి చూసుకుని దాని కింద పడుకుంటాడు. తడిసి ముద్దయిన శిష్యుడు, శక్తి ఉండి వాడుకోని ఈయన దగ్గర నేనేం నేర్చుకుంటానని ముఖం ముడుచుకుంటాడు. పదిహేడేళ్లప్పుడు ఆ పుట చదివిన ఎవరైనా శిష్యుడి పక్షమే. నలభై దాటాక చదివితే గురువు ఎందుకు ఊరుకున్నాడో తెలుస్తుంది. బ్యాంకులో పై అధికారిగా కుర్చీలో కూర్చున్నవారికి ఇంకా బాగా తెలుస్తుంది!

నీడ విషయంలో ఒక అపోహ ప్రచారంలో ఉంది. మనిషి తనలో ఒప్పుకోని చీకటి భాగాన్ని నీడ అని పిలిచిన స్విస్ మనోవిజ్ఞానవేత్త కార్ల్ యూంగ్ సిద్ధాంతాన్ని ఆమె కథగా మలిచారని చాలామంది రాస్తారు. అయితే ఆ నవల రాసేనాటికి యూంగ్‌ను తాను చదవనేలేదని ఆమే చెప్పారు. చదివింది తరువాతి కాలంలో, అప్పుడు ఆ పోలికల మీద ఒక మంచి వ్యాసం కూడా రాశారు. ఇద్దరూ వేర్వేరు దారుల్లో ఒకే చోటికి చేరారన్నమాట.

ఇప్పుడు మీ మొదటి సందేహం. 1970ల తొలినాళ్లలో ఇదే ప్రశ్న ఆమెకూ ఎదురైంది. అమెరికన్లకు డ్రాగన్లంటే భయమెందుకు అన్న శీర్షికతో ఆమె చేసిన ప్రసంగం 1974లో అచ్చయింది. సంపాదనకు పనికిరాని ఊహలను సిగ్గుపడవలసిన వ్యసనంగా చూసే పెద్దమనుషుల మీద అందులో చెణుకులు విసిరారు. పెద్దరికమంటే లోపలి పిల్లను చంపుకోవడం కాదనీ, ఆ పిల్ల బతికి బట్టకట్టడమేననీ ఆమె వాదన. దానికి నేను చేర్చదలచుకున్నది, అద్భుతకథ పిల్లలదన్న అభిప్రాయం మనకు అరువు వచ్చినదన్న మాట. 16వ శతాబ్దంలో పింగళి సూరన ‘కళాపూర్ణోదయం’లో మారురూపాలనూ జన్మాంతరాలనూ కథలో కథగా అల్లినది పండితసభల కోసం. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు భాగాలుగా రాసిన ‘కాశీమజిలీ కథలు’ ఇంట్లో పెద్దవారే ముందు చదివి, పిల్లలకు అందకుండా అటక మీద పెట్టిన పుస్తకాలు. చందమామ సీరియళ్లను పిల్లల కన్నా ముందు అందుకున్న తాతలు ఎంతమంది లేరు!

కనుక మనసు ఎదగలేదేమోనన్న బెంగ మీకు అక్కరలేదు. అయితే చిన్నప్పటి ఇష్టాన్ని చిన్నప్పటి రూపంలోనే దాచుకోవడం ఒకటి, దానితోపాటు పెరగడం ఇంకొకటి. చదివిన ప్రతిసారీ ఓగియన్ వేరేగా కనిపిస్తున్నాడా, లేక ఇంకా డ్రాగన్ కోసమే పుటలు తిప్పుతున్నారా, అది మీకే తెలియాలి. ఈ రెండో పని చేసినా నేరమేమీ కాదనుకోండి.

ప్రశ్న: మొదటి మూడు పుస్తకాలూ అద్భుతం. నాలుగోదైన ‘తెహాను’ మాత్రం నన్ను తీవ్రంగా నిరాశపరిచింది. మహామాంత్రికుడిని శక్తి లేనివాడిగా చేసి, కథంతా ఒక రైతు ఇంటి వంటగదిలో నడిపించారు. రచయిత్రి తన సృష్టిని తానే ఎందుకు పాడుచేసుకున్నారు?
— ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ఇలా అనుకున్నవారు మీరొక్కరే కాదు, 1990లో ఆ పుస్తకం వచ్చినప్పుడు అనేకమంది అభిమానులు ఇదే మాట అన్నారు, అదే పుస్తకానికి అమెరికాలో సైన్స్ ఫిక్షన్, ఫాంటసీ రచనలకు ఇచ్చే నెబ్యులా పురస్కారమూ వచ్చింది. నా మట్టుకు ఆరింటిలోనూ అదే గొప్పది.

కారణం చెబుతాను. మొదటి పుస్తకంలో ఒక సామెత వస్తుంది: ఆడదాని మంత్రం అంత బలహీనం, ఆడదాని మంత్రం అంత దుష్టం అని ఆ దీవులవారు అనుకుంటారు. రోక్ విద్యాలయంలో ఆడపిల్లలకు ప్రవేశం లేదు. 1968లో లె గ్విన్ దీన్ని ప్రశ్నించకుండానే రాసేశారు, ఎందుకంటే వీరగాథల సంప్రదాయం ఆమెకు అందించిన అచ్చు అది. రెండో పుస్తకం ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’లో కథానాయిక ఉంది. పసితనంలోనే తల్లిదండ్రుల నుంచి తీసుకువచ్చి, పేరు లాగేసుకుని, చీకటి దేవతలకు పూజారిణిగా చేసిన టెనార్ ఆమె. తూర్పు ఆరెగాన్‌లోని ఎడారిని మొదటిసారి చూసి వచ్చినప్పుడు ఆ కథ తట్టిందని రచయిత్రి చెప్పారు. నిజంగానే ఆ పుస్తకమంతా సముద్రం వాసన లేని పొడినేల. కానీ అందులో కూడా విడుదలకు మాంత్రికుడు రావలసి వచ్చింది. ఇక మూడోదైన ‘ది ఫార్దెస్ట్ షోర్’ 1972లో వచ్చాక ఏం జరగాలో ఆమెకు పాలుపోలేదు. టెనార్ తరువాత ఏమైంది? ఈ ప్రశ్నకు జవాబు రాయడానికి పద్దెనిమిదేళ్లు పట్టింది. ఆ మధ్యకాలంలో స్త్రీవాద ఉద్యమం ఆమె చదువునూ చూపునూ మార్చింది.

టెనార్ ఏమైందంటే, ఒక రైతును పెళ్లాడి, ఇద్దరు పిల్లలను కని, వితంతువై, నడివయసుకు వచ్చింది. ఒళ్లు కాలిన ఒక పసిపిల్లను సొంతవారే మంటల్లో పడేస్తే తెచ్చి పెంచుకుంటుంది. ఆ పిల్ల ముఖంలో ఒక పక్క మాంసం కరిగిపోయి ఉంటుంది, ఒక చేయి గోరులా ముడుచుకుపోయి ఉంటుంది. ఏ మంత్రమూ దాన్ని నయం చెయ్యలేదు. శక్తిని పోగొట్టుకుని వచ్చిన గెడ్ సిగ్గుతో జనానికి ముఖం చూపలేక కొండమీదికి పోయి మళ్లీ మేకలు కాస్తాడు. ఎన్నాళ్లకో సముద్రం నుంచి తిరిగివచ్చిన టెనార్ కొడుకు, చట్టప్రకారం పొలం తనదే కనుక, తల్లి చాకిరీ కూడా అందులో భాగమే అన్నట్టు ప్రవర్తిస్తాడు. పొలం పట్టా ఎవరి పేరున ఉందన్నది మన ఊళ్లలో ఎంత పెద్ద విషయమో మీకు నేను చెప్పాలా? డ్రాగన్‌ను ఎదిరించడం కన్నా ఆ ఇంట్లో గౌరవంగా బతకడం కష్టమని ఆ పుస్తకం చూపిస్తుంది. మహామాంత్రికుడి శక్తి పోయినందుకు మీకు కలిగిన కోపం, ఉద్యోగ విరమణ చేసిన మర్నాడు గెడ్ వయసు మనిషికి కలిగే కోపం లాంటిదే. దాన్ని పాఠకుడిలో పుట్టించడం రచయిత్రి ఉద్దేశమేనని నాకు అనిపిస్తుంది.

లోపం లేదనను. చివరి అధ్యాయంలో దుష్టమాంత్రికుడి పని హడావిడిగా ముగుస్తుంది, అంతవరకూ నిదానంగా నడిచిన కథకు ఆ తొందర అతకలేదు. పైగా ఎర్త్‌సీ చివరి పుస్తకమని అట్ట మీద వేయించి, 2001లో ఇంకో రెండు పుస్తకాలు తెచ్చారు! ఆ రెండింటిలో నవల అయిన ‘ది అదర్ విండ్’ మూడో పుస్తకంలోని మృతుల లోకాన్నే తిరగరాస్తుంది. ఎండిన నేల, కదలని నక్షత్రాలు, తల్లీబిడ్డా ఎదురుపడినా గుర్తించని నిశ్శబ్దం గల ఆ లోకానికి గ్రీకుల పాతాళమూ, జర్మన్ కవి రిల్కే శోకగీతమూ ప్రేరణలు. వయసు మీద పడ్డాక ఆ లోకం ఆమెకు న్యాయంగా తోచలేదు. తాను నలభైలలో కట్టినదాన్ని డెబ్బైలలో తానే కూల్చిన రచయితలు అరుదు.

ప్రశ్న: మంత్రవిద్య నేర్పే బడి అన్న ఆలోచన హ్యారీ పోటర్ రచయిత్రిది కాదా? ఎవరిది ముందు?
— ఒక విద్యార్థిని, కర్నూలు

జవాబు: ఎర్త్‌సీ 1968, హ్యారీ పోటర్ మొదటి పుస్తకం 1997. రౌలింగ్ తన నుంచి దొంగిలించారని లె గ్విన్ ఎన్నడూ అనలేదు. తనకన్నా ముందు రాసినవారి పట్ల ఇంకాస్త సౌజన్యం చూపి ఉండవచ్చని మాత్రం అన్నారు. బడి ఒకటే గానీ పాఠాలు వేరు. అక్కడ మంత్రం ఎలా వెయ్యాలో నేర్పుతారు. రోక్‌లో ఎక్కువ కాలం ఎప్పుడు వెయ్యకూడదో నేర్పుతారు.

ప్రశ్న: మా పాప కోసం కొన్న పాత ప్రతి అట్ట మీద గెడ్ తెల్లగా ఉన్నాడు. లోపల మాత్రం ఎర్రమట్టి రంగు చర్మమని ఉంది. ఏది నిజం?
— ఒక తండ్రి, డాలస్, అమెరికా

జవాబు: లోపల ఉన్నదే నిజం. గెడ్ ఎరుపు కలిసిన గోధుమరంగు మనిషి, అతని ప్రాణస్నేహితుడు వెచ్ నల్లనివాడు, తెల్లచర్మం వారు దాడులకు వచ్చే కార్గ్ దీవులవారు. 1960లలో తెల్లవారే నాయకులైన ఫాంటసీకి ఇది ఆమె ఉద్దేశపూర్వకంగా ఇచ్చిన జవాబు. ఆ విషయాన్ని మొదటి పుటల్లోనే చాటకుండా, పాఠకుడు గెడ్‌తో మమేకమయ్యాక నెమ్మదిగా బయటపెట్టారు. రూత్ రాబిన్స్ గీసిన తొలి ముద్రణ అట్ట దీనిని గౌరవించింది; తరువాతి అట్టలు చాలావరకు గౌరవించలేదు. 2004లో అమెరికన్ టెలివిజన్ ధారావాహిక గెడ్‌ను తెల్లవాడిని చేసినప్పుడు ఆమె బహిరంగంగా నిరసన వ్యాసం రాశారు. అట్టను చూపించి పాపనే అడగండి, ఎందుకిలా వేశారని. ఆ ప్రశ్న అక్కడ పెరుగుతున్న మన పిల్లలకు పనికివస్తుంది.

ప్రశ్న: ఏ వరుసలో చదవాలి? ఏ ప్రతి కొనాలి?
— ఒక పాఠకుడు, తిరుపతి

జవాబు: అచ్చయిన వరుసలోనే చదవండి. అయిదోదైన ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’ కథల సంపుటి కనుక దాటేయవచ్చని కొందరు అంటారు. దాటేయకండి, అందులోని చివరి కథ లేకపోతే ఆరో పుస్తకంలో సగం అర్థం కాదు. చార్ల్స్ వెస్ బొమ్మలతో 2018లో వచ్చిన ఏక సంపుటిలో ఆరు పుస్తకాలూ, విడి కథలూ, ఆమె ముందుమాటలూ ఉన్నాయి. ఆ బొమ్మల విషయంలో ఆయనతో ఆమె ఏళ్ల తరబడి కలిసి పనిచేశారు గానీ, పుస్తకం వెలువడిన ఏడాది జనవరిలోనే పోర్ట్‌లాండ్‌లో కన్నుమూశారు. సంపుటి చాలా బరువు, పడుకుని చదవడానికి వీలుకాదు. రైల్లో చదువుకునే అలవాటుంటే విడి ప్రతులే కొనుక్కోండి.